నగరం పల్లెకు వచ్చినప్పుడు: మైపాడు తీరంలో నివాసం, యాజమాన్యం, ఉమ్మడి హక్కు

వ్యాస సంగ్రహం:

పల్లె నుండి పట్నానికి సాగిన వలసలపై తెలుగులో విస్తృతమైన పరిశోధన, సృజనాత్మక సాహిత్యం ఉన్నాయి. పట్నం నుండి పల్లెకు సాగే కదలికపై జరిగిన చర్చ తక్కువ. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు తీరాన్ని, దాని పరిసరాలను ఆధారంగా చేసుకొని ఆ కదలికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1921లో పల్లిపాడులో వెలసిన సత్యాగ్రహాశ్రమం, 1990 దశకంలో తీరాన్ని ఆక్రమించిన రొయ్యల సాగు, నేటి పర్యాటకం - ఈ మూడింటినీ పల్లెకు నగరం వచ్చిన మూడు విధాలుగా పోల్చి చూస్తుంది. పల్లె సమాజం మారే తీరును నిర్ణయించేది వచ్చినవారి సంఖ్య కాదనీ, వారు నేలతో, నీటితో, గ్రామసభతో ఏర్పరచుకొనే సంబంధమనీ ప్రతిపాదిస్తుంది. పత్రం లేని ఉమ్మడి హక్కుపై ఆధారపడిన మత్స్యకార సమాజానికి ఈ ప్రశ్న జీవనసమస్య అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మైపాడు, ప్రతినగరీకరణ, మత్స్యకారులు, ఉమ్మడి వనరులు, రొయ్యల సాగు, కోస్తా నియంత్రణ మండలం, పల్లిపాడు ఆశ్రమం.

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు నగరంలో ‘మైపాడు గేటు’ అనే కూడలి ఉంది. అక్కడి నుండి తూర్పుగా సాగే దారి పెన్నా డెల్టా వరిపొలాలను, రొయ్యల గుంటలను, సర్వి తోటలను దాటి, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతపు ఒడ్డుకు చేరుతుంది. ఒక తరం క్రితం వరకు ఈ దారిపై ప్రధానమైన రాకపోకలు పల్లె నుండి పట్నానికే సాగేవి. చేపల గంపలు, ధాన్యం, చదువుకొనే పిల్లలు, కూలిపనికి వెళ్లేవారు అటు నడిచారు. నేడు ఎదురు ప్రయాణం కూడా పెరిగింది. ఆదివారాల్లోను, వేసవి సెలవుల్లోను, కార్తికమాసపు స్నానాలకు, వనభోజనాలకు నగరం ఆ దారి పట్టి సముద్రానికి వస్తుంది. కొందరు సాయంత్రానికి తిరిగి వెళతారు. కొందరు తోటలో ఇల్లు కట్టుకోవాలని నేల వెతుకుతారు. మరికొందరు మనుషులుగా రాక, పెట్టుబడిగా మాత్రమే వస్తారు.

ఈ మూడు రకాల రాకలను ‘నగరవాసులు పల్లెకు తరలడం’ అనే ఒకే మాటతో చెప్పడం వాడుకలో ఉంది. అవి వేరువేరు సామాజిక ప్రక్రియలు. వాటి మధ్య ఉన్న భేదాన్ని గుర్తించకపోతే, పల్లెకు కలిగే లాభనష్టాలను అంచనా వేయడం సాధ్యం కాదు. అందుచేత ముందుగా పరిభాషను, తరువాత మైపాడు తీరపు చారిత్రక అనుభవాన్ని పరిశీలించడం అవసరం.

2. భావన, పరిభాష:

పల్లెలు ఖాళీ అయి నగరాలు నిండడమే ఆధునికతకు గుర్తు అని ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో సామాజిక శాస్త్రవేత్తలు ఎక్కువగా భావించారు. 1970 దశకంలో అమెరికా జనాభా లెక్కలు ఈ భావనను ప్రశ్నించాయి. నగరాలకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో జనాభా తిరిగి పెరుగుతున్నదని కాల్విన్ బీల్ 1975లో చూపాడు. 1976లో బ్రయన్ బెర్రీ ఈ ధోరణికి ‘కౌంటర్ అర్బనైజేషన్’ అని పేరు పెట్టాడు. దీనిని తెలుగులో ‘ప్రతినగరీకరణ’ అనవచ్చు. అంతకు ముందే, 1965లో రే పాల్ లండన్ సమీపంలోని హర్ట్‌ఫర్డ్‌షైర్ పల్లెలను పరిశీలించాడు. నగరంలో ఉద్యోగం చేస్తూ పల్లెలో నివసించే మధ్యతరగతి రాకతో ఒకే ఊరిలో రెండు సమాజాలు ఏర్పడిన తీరును వివరించాడు. ఆర్థికంగా బలమైనవారి రాకతో పాతవాసులు తమ చోటునే కోల్పోవడాన్ని సూచించే ‘జెంట్రిఫికేషన్’ అనే పదాన్ని రూత్ గ్లాస్ 1964లో లండన్ నగరాన్ని ఉద్దేశించి ప్రయోగించింది. తరువాతి పరిశోధకులు ఆ పదాన్ని పల్లెలకూ అన్వయించారు.

జపాన్‌లో ఈ కదలికలను అక్షరాల ఆకారాలతో గుర్తిస్తారు. పల్లె నుండి నగరానికి వెళ్లి, తిరిగి సొంత ఊరికే చేరితే ‘యూ-టర్న్’. సొంత ఊరి దాకా రాకుండా దగ్గరి పట్టణంలో ఆగిపోతే ‘జే-టర్న్’. నగరంలో పుట్టి పెరిగినవారు తమకు పూర్వసంబంధం లేని పల్లెకు తరలితే ‘ఐ-టర్న్’. ఈ విభజన తెలుగు ప్రాంతానికి కూడా ఉపకరిస్తుంది. చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసి నెల్లూరులో స్థిరపడిన తీరప్రాంతపు యువకుడిది జే-టర్న్. మైపాడుతో ఏ చుట్టరికమూ లేని నగరవాసి అక్కడ తోట కొని నివసిస్తే అది ఐ-టర్న్.

ఈ పరిభాషలో నాలుగవ రకానికి చోటు లేదు. నేల చేతులు మారుతుంది కాని, కొన్నవాడు నివసించడు. భారతీయ జనగణన ఒక వ్యక్తి పుట్టిన చోటును, గత నివాసాన్ని బట్టి వలసను లెక్కిస్తుంది. వారానికి ఒకసారి వచ్చేవారు, ఏడాదికి ఒకసారి వచ్చి సరిహద్దు రాళ్లు చూసుకొని పోయే యజమానులు ఆ లెక్కలో వలసదారులు కారు. వలసల పట్టికల్లో కనిపించని ఈ వర్గమే తీరప్రాంత పల్లెను అన్నింటికంటె ఎక్కువగా మార్చగలదు. మైపాడు పరిసరాల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

3. మైపాడు తీరం - భౌగోళిక, సామాజిక నేపథ్యం:

మైపాడు పెన్నా నది సముద్రంలో కలిసే చోటుకు దక్షిణాన ఉంది. తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. 1806లో మద్రాసు సమీపంలో ప్రారంభమైన ఈ జలమార్గాన్ని 1876-78 నాటి కరవు కాలంలో సహాయక పనుల కింద పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి స్థిరపడింది. రైలు, లారీ రాకముందు ఈ తీరానికి నగరంతో ఉన్న ముఖ్యమైన బంధం ఈ కాలువే. కాలువకు పడమట, 1855 నాటి నెల్లూరు ఆనకట్ట నీటితో పండే వరిభూములు. తూర్పున ఇసుకదిబ్బలు, ఉప్పునేలలు, పాలేలు. ఈ రెండు ప్రపంచాల మధ్య నేలకు సంబంధించిన భావనలోనే తేడా ఉంది. పడమటి నేలకు సర్వే నంబరు, పట్టా, శిస్తు ఉన్నాయి. తూర్పున సముద్రపు ఒడ్డుకు అవేవీ లేవు.

ఒడ్డు వెంబడి నివసించే పట్టపు మత్స్యకారులకు ఆ ఒడ్డే ప్రధానమైన ఆస్తి. తెప్పను, ఫైబర్ పడవను పైకి లాగి నిలిపేది అక్కడే. అలివి వలను పదులమంది చేయి కలిపి ఒడ్డుకు లాగేదీ, చిరిగిన వలను బాగుచేసేదీ, పట్టుబడిన చేపను వేలం వేసేదీ, మిగిలినదాన్ని స్త్రీలు ఎండబెట్టేదీ ఆ ఇసుక మీదనే. ఈ వాడుకకు లిఖితపత్రం లేదు. అంతమాత్రాన నియమం లేదని అనుకోరాదు. పాలెంలో ‘కాపులు’ అని పిలిచే పెద్దలుంటారు. ఎవరు ఎప్పుడు వేటకు వెళ్లాలి, ఏ వల వాడరాదు, తగవు ఎలా తీరాలి అనే విషయాల్లో వారు సమష్టిగా విధించే కట్టుబాటును ‘దురాయి’ అంటారు. దక్షిణాన పులికాట్ సరస్సు తమిళనాడు భాగంలో వేటస్థలాలను వంతులవారీగా పంచుకొనే ‘పాడు’ పద్ధతిపై పరిశోధకులు విస్తృతంగా రాశారు. ఉమ్మడి వనరు అంటే ఎవరికీ చెందనిది కాదు; ఒక సమూహానికి నియమపూర్వకంగా చెందినది అని ఇటువంటి వ్యవస్థలు తెలియజేస్తాయి. అయితే ఈ కట్టుబాట్లన్నీ పురుషుల పెద్దరికం మీద, కులబహిష్కరణ భయం మీద కూడా నిలిచాయి. కాబట్టి వాటిని ఆదర్శీకరించడం సరికాదు.

పట్టపువారితో పాటు ఈ తీరంలో యానాదులు ఉన్నారు. నెల్లూరు జిల్లా యానాదుల జనసాంద్రతకు ప్రసిద్ధం. కాలువల్లో, పాయల్లో చేతితోను చిన్న వలలతోను చేపలు పట్టడం, పొలాల్లో కావలి కాయడం వారి జీవనాధారాలు. వీరిలో అత్యధికులకు సొంత నేల లేదు. తీరంలో వచ్చే ఏ మార్పుకైనా మొదట లోనయ్యేది, పరిహారపు లెక్కలో చివరకు చేరేది ఈ వర్గమే.

4. మొదటి రాక - పల్లిపాడు, 1921:

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్నా ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాని స్థాపనకు మూలపురుషులు. పొణకా కనకమ్మ సుమారు 13 ఎకరాల నేల సమకూర్చింది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన పారసీ రుస్తుంజీ ఇచ్చిన పది వేల రూపాయల విరాళంతో భవనం వెలిసింది. ఖాదీ, అస్పృశ్యతా నివారణ, నిర్మాణ కార్యక్రమం ఆశ్రమ కార్యకలాపాలకు కేంద్రమయ్యాయి.

పల్లెకు తరలిన విద్యావంతుల చరిత్రలో ఈ ఆశ్రమానికి ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడ రాకకు ఒక షరతు ఉంది. వచ్చినవారు అక్కడే నివసించాలి, చేతులతో పనిచేయాలి, ఊరివారితో కలిసి తినాలి. నేల వ్యక్తిగత ఆస్తిగా కాక, ఒక ఆశయానికి చెందిన ఆస్తిగా మారింది. నివాసం, శ్రమ, బాధ్యత - ఈ మూడూ ఒకే చోట కలిశాయి.

ఈ నమూనాకు పరిమితులు లేకపోలేదు. నేల దానంగా రావాలంటే ముందుగా భూస్వామ్యం ఉండాలి. పల్లెకు ఏది మేలు అనే నిర్ణయం తరచుగా వచ్చినవారి చేతిలోనే ఉండేది. జాతీయోద్యమపు వేడి తగ్గిన తరువాత ఇటువంటి సంస్థలు పాత ఉత్సాహంతో నిలవడం దేశమంతటా కష్టమైంది. అయినా ఊరు ఆ రాక వల్ల తన ఉమ్మడి వనరును కోల్పోలేదు. తరువాతి రాకలను కొలవడానికి ఈ అంశం ఒక ప్రమాణంగా నిలుస్తుంది.

5. రెండవ రాక - రొయ్యల గుంటలు:

ఆశ్రమం వెలిసిన ఏడు దశాబ్దాలకు, 1980 దశకం చివర నుండి, పూర్తిగా వేరైన శక్తి ఈ తీరానికి వచ్చింది. ఎగుమతి మార్కెట్టులో టైగర్ రొయ్యకు లభించిన ధర నెల్లూరు తీరాన్ని దేశంలోని ప్రధాన రొయ్యల సాగు కేంద్రాల్లో ఒకటిగా మార్చింది. ఉప్పునేలలే కాక వరిపొలాలు కూడా గుంటలుగా మారాయి. ఈ సాగుకు కావలసిన పెట్టుబడి - పిల్ల, మేత, ఏరేటర్లు, డీజిల్ - చిన్న రైతు శక్తికి మించినది. అందువల్ల నగరాల్లోని వ్యాపారులు, వృత్తినిపుణులు, కంపెనీలు రంగంలోకి దిగారు. చాలాచోట్ల నేలను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. యజమాని నగరంలో, మేనేజరు పట్టణంలో, కావలివాడు గుంట గట్టున ఉన్న గుడిసెలో - ఈ మూడంచెల వ్యవస్థ స్థిరపడింది. ఆ గుడిసెల్లో అనేకం యానాది కుటుంబాలవి.

1994లో తెల్లమచ్చ తెగులు దేశపు తూర్పుతీరంలో పంటను నాశనం చేసింది. నష్టం అందరికీ కలిగింది కాని, అది ఒకే విధంగా పంపిణీ కాలేదు. కౌలుదారు తన పెట్టుబడి కోల్పోయి వెళ్లిపోగలడు. ఉప్పెక్కిన నేల, చేదెక్కిన బావినీరు ఊరికి మిగిలాయి. సముద్రపు ఒడ్డుకు వెళ్లే పాత దారులకు గుంటల గట్లు అడ్డుపడడం, కాలువల్లోకి వ్యర్థజలాలు చేరడం అప్పటి తీరప్రాంత ఆందోళనల్లో ప్రధానాంశాలు.

ఈ ఆందోళనలు న్యాయస్థానానికి చేరాయి. తమిళనాడులో గ్రామస్వరాజ్ ఉద్యమ నాయకుడైన ఎస్. జగన్నాథన్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. తీరమండలంలో సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులు మినహా రొయ్యల సాగును నిషేధించింది. వ్యవసాయభూమిని, ఉప్పుమళ్లను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను గుంటలుగా మార్చరాదని ఆదేశించింది. 1921లో ఆశ్రమం రూపంలో పల్లెకు వచ్చిన గాంధేయ భావన, 1996లో పల్లె తరఫున వాదిగా నిలవడం గమనించదగిన పరిణామం. అయితే 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ సాగును నమోదు, నియంత్రణల పరిధిలో తిరిగి అనుమతించింది. 2009లో వెన్నామీ రొయ్యకు అనుమతి లభించడంతో గుంటలు మళ్లీ విస్తరించాయి.

ఈ దశ వల్ల పల్లెకు మేలు ఏమీ కలగలేదనడం న్యాయం కాదు. రోడ్లు, విద్యుత్తు, ఐసు కర్మాగారాలు, కూలిపని వచ్చాయి. స్థానిక రైతుల్లో కొందరు తామే గుంటలు తవ్వి సంపాదించారు. కాని నగరం ఇక్కడికి మనిషిగా రాలేదు. దాని ధనం వచ్చింది, లాభం తిరిగి వెళ్లింది. నివాసం లేని యాజమాన్యం తీరానికి అప్పుడే పరిచయమైంది.

6. మూడవ రాక - సెలవుదినపు నగరం:

నేడు మైపాడును రాష్ట్రంలో పలువురు ఎరిగినది పర్యాటక కేంద్రంగా. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ విడిది, తినుబండారాల దుకాణాలు, ఆటోలు, వాహనాల నిలుపుదల స్థలాలు తీరపు రూపాన్ని మార్చాయి. కరోనా అనంతర కాలంలో ఇంటి నుండి ఉద్యోగం చేసే అవకాశం విస్తరించడం, నగరపు రద్దీపై విముఖత, తోటలో ఇల్లు అనే కోరిక దేశమంతటా నగర సమీప గ్రామాల నేలకు కొత్త గిరాకీ తెచ్చాయి. నగరానికి గంట ప్రయాణంలో సముద్రం ఉన్న చోటు ఈ గిరాకీకి సహజంగానే గురి అవుతుంది.

ఈ దశలో మారేది మొదట నేలధర స్వభావం. పంటభూమి ధర అది పండించే పంటను బట్టి ఉండాలి. రొయ్యల కాలంలో అది గుంట ఇచ్చే దిగుబడిని బట్టి మారింది. ఇప్పుడు సముద్రానికి ఎంత దగ్గర, రోడ్డుకు ఎంత ముఖం అనే లెక్కపై నిర్ణయమవుతుంది. ఇలా ఉత్పత్తితో సంబంధం తెగిన ధరను పాలెంలోని కుటుంబం తన ఆదాయంతో ఎన్నటికీ అందుకోలేదు. పెళ్లయిన కొడుకుకు పక్కనే ఇల్లు కట్టడం మత్స్యకారునికి సౌకర్యం మాత్రమే కాదు, వృత్తి అవసరం. వేటకు వెళ్లేవాడు రాత్రి రెండు గంటలకు గాలిని చూసి నిర్ణయం తీసుకోవాలి. పడవ కంటికి కనిపించే దూరంలో ఉండాలి. ఇల్లు ఒడ్డుకు దూరమైతే వృత్తి దూరమవుతుంది.

రెండవది కాలానికి సంబంధించిన ఘర్షణ. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. మరపడవలన్నీ ఆ రెండు నెలలు ఒడ్డుకు చేరతాయి. వలలు ఆరబెట్టుకొని బాగుచేసుకొనే కాలమది. సరిగా అదే కాలం విద్యాసంస్థల వేసవి సెలవుల కాలం, అనగా పర్యాటకుల రద్దీ కాలం. మత్స్యకారులకు ఒడ్డు అత్యధికంగా అవసరమైన రోజుల్లోనే నగరానికి కూడా అది అత్యధికంగా అవసరమవుతుంది. ఒకరికి పనిచోటు, మరొకరికి విశ్రాంతిచోటు. ఎండుచేపల వాసన ఒకరికి ఆదాయం, మరొకరికి అసౌకర్యం. ఈ రెండు అవసరాల మధ్య వంతును నిర్ణయించే యంత్రాంగం పాలెపు కట్టుబాటులో లేదు. పర్యాటక ప్రణాళికల్లో కూడా దీనికి అరుదుగానే చోటు దొరుకుతుంది.

మూడవది పనుల మార్పు. దుకాణం, ఆటో, విడిదిలో ఉద్యోగం వంటివి వేటలోని అనిశ్చితి నుండి కొన్ని కుటుంబాలకు ఉపశమనమిస్తాయి. ముఖ్యంగా ఇంటి నుండి నడిపే చిన్న వ్యాపారం స్త్రీలకు స్వతంత్ర ఆదాయం కల్పించగలదు. కాని అలివి వల లాగడానికి పదులమంది కావాలి. యువకులు ఒక్కొక్కరుగా వేరే పనులకు మళ్లితే సామూహిక వేట నిలిచిపోతుంది. సామూహిక వేట నిలిస్తే ఒడ్డుపై సామూహిక వాడుక తగ్గుతుంది. వాడుక తగ్గితే, వాడుకే ఆధారంగా నిలిచిన హక్కును నిరూపించడం కష్టమవుతుంది. పత్రం ఉన్న హక్కు యజమాని నిద్రపోయినా నిలుస్తుంది. వాడుక హక్కు ఒక తరం మౌనంగా ఉంటే కరిగిపోతుంది. మైపాడు వంటి ఊళ్లలో అసలు ప్రమాదం ఇదే.

7. చట్టం గీసిన రేఖలు:

తీరంపై హక్కుల చర్చకు నేడు ప్రధాన ఆధారం కోస్తా నియంత్రణ మండల ప్రకటన, అనగా సీఆర్‌జెడ్. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మొదటి ప్రకటన 1991 ఫిబ్రవరి 19న వెలువడింది. 2011 జనవరిలోను, 2019 జనవరి 18న మరల కొత్త ప్రకటనలు వచ్చాయి. గ్రామీణ తీరంలో గరిష్ఠ పోటు రేఖ నుండి 200 మీటర్ల వరకు అభివృద్ధి నిషిద్ధ ప్రాంతంగా ఉండేది. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటె ఎక్కువ జనసాంద్రత గల గ్రామీణ ప్రాంతాల్లో, ఆమోదం పొందిన తీర నిర్వహణ ప్రణాళిక ఉన్నప్పుడు, 2019 ప్రకటన దీనిని 50 మీటర్లకు కుదించింది. తక్కిన గ్రామాల్లో 200 మీటర్ల రేఖే కొనసాగుతుంది. తీరంలో తాత్కాలిక పర్యాటక సౌకర్యాలకు కూడా ఈ ప్రకటన అవకాశమిచ్చింది.

ఈ మార్పులో రెండు అర్థాలున్నాయి. స్థలం చాలని మత్స్యకార కుటుంబానికి ఇల్లు కట్టుకొనే వీలు కలగడం ఒకటి. బయటి పెట్టుబడికి ఒడ్డు మరింత దగ్గర కావడం రెండవది. నిషేధరేఖ వెనక్కు తగ్గినప్పుడు తెరుచుకున్న నేల ఎవరి చేతికి వెళుతుందనేది చట్టం కంటె కొనుగోలు శక్తిని బట్టి నిర్ణయమవుతుంది.

ఇదే చట్టంలో పల్లెకు ఉపయోగపడే అంశాలు కూడా ఉన్నాయి. మత్స్యకార గ్రామాలను, వారి ఉమ్మడి ఆస్తులను, చేపలు ఎండబెట్టే స్థలాలను గ్రామస్థాయి పటాల్లో గుర్తించాలని 2011 ప్రకటన నిర్దేశించింది. ఇళ్ల ప్లింతు విస్తీర్ణాన్ని, రూపాన్ని, ముఖభాగాన్ని మార్చకుండా స్థానికులు, మత్స్యకారులు ‘హోమ్ స్టే’ పద్ధతిలో అతిథులకు వసతి కల్పించవచ్చని 2019 ప్రకటన అనుమతిస్తుంది. పటంలో ఎక్కిన ఉమ్మడి స్థలం వాడుక హక్కుకు తొలి లిఖితరూపం. పర్యాటకునికి ఆతిథ్యమిచ్చే మత్స్యకార గృహం, నగరపు రాక నుండి లభించే ఆదాయాన్ని ఊరిలోనే నిలిపే మార్గం. ఈ అవకాశాలు వాటంతటవే అందవు. పటం తయారయ్యే సమయంలో గ్రామం మాట్లాడాలి.

ఇక్కడ గ్రామసభ ప్రాముఖ్యం వెల్లడవుతుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ ఓటర్ల జాబితాలో ఉన్నవారందరూ గ్రామసభ సభ్యులు. వారాంతపు యజమాని సాధారణంగా నగరంలో ఓటరు. అతనికి ఊరిలో ఆస్తి ఉంటుంది కాని, మంచినీరు, చెత్త, డ్రైనేజీ వంటి ఊరి సమస్యలకు జవాబుదారీ ఉండదు. మరొకవైపు పాలెంలోని కట్టుబాటు దురాయి ద్వారా నడుస్తుంది. గ్రామసభ వేదిక మీద దానికి గుర్తింపు లేదు. పత్రం ఉన్న యజమాని గ్రామసభకు రాడు. వాడుక ఉన్న మత్స్యకారుని మాట గ్రామసభ తీర్మానంలోకి చేరదు. ఈ ఖాళీలోనే తీరప్రాంత నిర్ణయాలు జరుగుతాయి.

8. తిరిగి వచ్చినవారు:

నగరం నుండి పల్లెకు వచ్చినవారందరూ ధనవంతులు కారు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన తరువాత సాగిన కాలినడక దేశమంతా చూసింది. ఆవర్తన శ్రామికశక్తి సర్వే ప్రకారం ఉపాధిలో వ్యవసాయరంగపు వాటా 2018-19లో 42.5 శాతం, 2019-20లో 45.6 శాతం; 2020-21లో 46.5 శాతం. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన వాటా ఇలా పెరగడం పల్లె ఆకర్షణకు నిదర్శనం కాదు. నగరం నిలబెట్టుకోలేనివారికి పల్లె చివరి ఆశ్రయంగా నిలిచిందని అర్థం.

పల్లె అలా ఆశ్రయం ఇవ్వగలిగిందంటే అక్కడ ఇంకా కొంత ఉమ్మడి వనరు మిగిలి ఉన్నదని గ్రహించాలి. పట్నంలో పని పోయిన పాలెం యువకుడు తిరిగి వస్తే అన్న పడవలో ఒక చోటు, వలలో ఒక వాటా, వేలంలో ఒక భాగం దొరుకుతాయి. దానికి దరఖాస్తు అవసరం లేదు. ఈ భద్రతావలయం ఏ పథకపు పట్టికలోనూ కనిపించదు. ఒడ్డు కేవలం స్థిరాస్తిగా మారిననాడు ధనవంతుని ఐ-టర్న్‌కు తలుపు తెరుచుకొని, పేదవాని యూ-టర్న్‌కు తలుపు మూసుకుపోతుంది. ఒకే పల్లెకు జరిగే రెండు ప్రయాణాలు పరస్పర విరుద్ధం కావడం ఈ సమస్యలో అత్యంత కీలకమైన అంశం.

9. మూడు రాకల పోలిక:

పల్లిపాడు ఆశ్రమంలో నివాసం ఉంది, యాజమాన్యం ఆశయానికి లోబడింది, ఉమ్మడి వనరుకు భంగం కలగలేదు. రొయ్యల దశలో నివాసం లేదు, స్వల్పకాలిక కౌలు యాజమాన్యం ప్రధానమైంది, నీటికి, దారికి నష్టం కలిగింది. పర్యాటక దశలో నివాసం తాత్కాలికం, యాజమాన్యం శాశ్వతం, ఉమ్మడి ఒడ్డు పోటీకి గురైంది. గుంట విఫలమైతే నేల తిరిగి రైతుకు చేరే అవకాశం ఉండేది. అమ్మిన ఇంటిస్థలం తిరిగి రాదు. నష్టం తక్కువగా కనిపించే మూడవ దశ దీర్ఘకాలంలో రెండవదానికంటె లోతైన మార్పు తేగలదని ఈ పోలిక సూచిస్తుంది.

బయటినుండి వచ్చినవారు పల్లెకు మేలు చేయలేరనే నిర్ణయానికి ఇది దారితీయదు. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్‌ను ఇందుకు ఉదాహరణగా చూపవచ్చు. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం అక్కడే నివసించారు. బీడునేలను పునరుద్ధరించే పనితో మొదలుపెట్టి రైతుల, స్త్రీల సహకార సంఘాల నిర్మాణానికి తోడ్పడ్డారు. పల్లిపాడుకు, టింబక్టుకు మధ్య ఏడు దశాబ్దాల కాలం, మెట్ట-డెల్టా భేదం ఉన్నా, నివాసం, శ్రమ, స్థానిక సంస్థకు జవాబుదారీ అనే మూడు లక్షణాలు రెండింటిలోనూ కనిపిస్తాయి.

10. ముగింపు:

ఈ పరిశీలన నుండి కింది అంశాలు నిర్ధారణకు వస్తాయి.

1. నగరం నుండి పల్లెకు కదలిక ఒకే ప్రక్రియ కాదు. మనిషి రాక, పెట్టుబడి రాక, సెలవుదినపు రాక, నిస్సహాయుని తిరుగురాక - వీటిని వేరువేరుగా అధ్యయనం చేయాలి.

2. జనగణన నివాసాన్ని లెక్కిస్తుంది. నివాసం లేని యాజమాన్యం దాని కంటికి కనిపించదు. తీరప్రాంత మార్పును గ్రహించడానికి భూ రిజిస్ట్రేషన్లు, పంచాయతీ ఇంటిపన్ను రికార్డులు, ఓటర్ల జాబితాలు కలిపి చదవడం పరిశోధకులకు ఉపయుక్తం.

3. మత్స్యకారుల ఒడ్డు హక్కు వాడుకపై నిలిచినది. వాడుక తగ్గేకొద్దీ హక్కు బలహీనపడుతుంది. కనుక పడవలు నిలిపే చోటు, వలలు ఆరబెట్టే చోటు, ఎండుచేపల చోటు గ్రామస్థాయి పటాల్లో చేరడం అత్యవసరం.

4. వేట నిషేధకాలం, పర్యాటక రద్దీకాలం ఒకటే కావడం వల్ల ఒడ్డు వినియోగానికి కాలానుగుణమైన వంతుల ఏర్పాటు కావాలి. వంతుల సంప్రదాయం తీరప్రాంత సమాజాలకు కొత్తది కాదు.

5. హోమ్ స్టే వంటి అవకాశాలు స్థానిక కుటుంబాల చేతిలో, ముఖ్యంగా స్త్రీల సంఘాల చేతిలో ఉన్నప్పుడే నగరపు రాక పల్లెకు ఆదాయంగా మారుతుంది.

6. యానాదుల వంటి భూమిలేని వర్గాలు ఈ చర్చలో నేటికీ అంచునే ఉన్నాయి. తీరప్రాంత పరిశోధన వారి నివాస, వృత్తి హక్కులను ప్రత్యేకాంశంగా స్వీకరించాలి.

మైపాడు గేటు నుండి సముద్రానికి వెళ్లే దారి అందరిదీ. ఆ దారి చివర ఉన్న ఇసుక కూడా అలాగే నిలవాలంటే, వచ్చేవారిని ఆపడం కాక, వారి రాకకు షరతును నిర్ణయించే అధికారం అక్కడ నివసించేవారికి ఉండాలి. 1921లో ఆ షరతును వచ్చినవారు తామే విధించుకున్నారు. నేడు దానిని గ్రామసభ విధించవలసి ఉంది.